మాల తీసిన మర్నాడు

దేశం వదిలి ఇంత దూరం వచ్చినా మన తులసి మొక్క బాల్కనీలోకి చేరింది. సాయంత్రం పూట దీపం దాని ముందే వెలుగుతోంది. కార్తీక మాసం వచ్చిందంటే రాస్ అల్ ఖైమాలో మనవాళ్ళ మధ్య కనిపించే దృశ్యం మరొకటుంది. అది అయ్యప్ప దీక్ష. సిరామిక్స్ ఫ్యాక్టరీల్లో, సిమెంటు ప్లాంట్లలో, ఖోర్ ఖ్వైర్ క్వారీల్లో, ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో పనిచేసే మన యువకులు మాల వేసుకుంటారు. డ్యూటీలో సేఫ్టీ షూ తప్పదు కనుక స్వామికి మనసులో చెప్పుకొని వేసుకుంటారు. గదికి రాగానే విప్పేసి నేల మీద పడుకుంటారు. తెల్లవారుజామునే లేచి స్నానం, పూజ ముగించి షిఫ్టు బస్సు ఎక్కుతారు. సెలవు దొరికినవాళ్ళు ఇరుముడితో శబరిమల వెళ్తారు. దొరకనివాళ్ళు ఇక్కడే పూజ చేసుకుని మాల విరమణ చేస్తారు.

ఆ 41 రోజుల్లో మరో విశేషం కూడా జరుగుతుంది. రోజుకొక పెట్టె ఖాళీ చేసేవాడు సైతం మాల పడిన క్షణం నుంచి సిగరెట్టు ముట్టడు. ఎవరూ కాపలా కాయరు. నైట్ షిఫ్టులో ఒంటరిగా ఉన్నా ముట్టడు. ఇంట్లో తల్లి, భార్య ఎంత సంతోషిస్తారో చెప్పనక్కరలేదు. ఆ తర్వాత మాల తీస్తారు. మర్నాడు, కొందరైతే ఆ సాయంత్రమే, మళ్ళీ వెలిగిస్తారు.

ఈ పండుగల సంచికలో ఆ 42వ రోజు గురించి మాట్లాడుకుందామనుకున్నాం. ఎవరినీ వేలెత్తి చూపడానికి కాదు. "మాల ఉన్నన్నాళ్ళే భక్తి" అని ఎగతాళి చేసేవాళ్ళు ఎలాగూ ఉన్నారు, వాళ్ళతో గొంతు కలపడం మా ఉద్దేశం కాదు. 41 రోజులు మానగలిగిన మనిషికి 42వ రోజున ఏమవుతోంది? ఆ 41 రోజులూ మానింది ఎవరు? స్వామి మాన్పించాడా, తానే మానాడా? ఈ ప్రశ్నకు సరైన సమాధానం దొరికితే, ఇంకా సిగరెట్టు ముట్టని మన పిల్లలకు కూడా ఉపయోగపడుతుందని మా నమ్మకం.

"నావల్ల కాదు" అనే మాట

మామూలు రోజుల్లో సిగరెట్టు మానమంటే ఎక్కువమంది చెప్పే సమాధానం ఒక్కటే. "మానాలనే ఉందండీ, నావల్ల కావట్లేదు." ఇది అబద్ధం కాదు. పొగాకులోని నికోటిన్ పీల్చిన పది సెకన్లకల్లా మెదడుకు చేరుతుంది. మెదడు దానికి అలవాటు పడుతుంది. ఆపిన కొన్ని గంటలకే చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. రెండు మూడు రోజులకు ఈ బాధ బాగా ముదురుతుంది. ఆ తర్వాత తగ్గుతూ వస్తుంది. చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో ఒంటి బాధ చాలావరకు పోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నాలుగు వారాలంటే 28 రోజులు. మండల దీక్ష 41 రోజులు. అంటే మాల తీసే నాటికి చాలామందిలో ఒంటి బాధ తీరి దాదాపు రెండు వారాలు దాటి ఉంటుంది. పెద్దలు నికోటిన్ సంగతి ముందే తెలిసి మండలాన్ని నిర్ణయించారని మేము అనడం లేదు. అలాంటి గొప్పలు చెప్పుకోనక్కరలేదు. కానీ లెక్క మాత్రం అలా కుదిరింది. అన్నిటికన్నా కష్టమైన మొదటి వారాన్ని స్వామి పేరు తలచుకుని దాటినవాడు, 42వ రోజున మళ్ళీ వెలిగిస్తున్నాడంటే శరీరం తట్టుకోలేక కాదు. మరి ఎందుకు?

ఇది అయ్యప్ప భక్తుల సంగతి మాత్రమే కాదు. తిరుమల కొండ మీద పొగ తాగడం నిషేధం. అలిపిరి తనిఖీ దగ్గరే సిగరెట్లు ఆపేస్తారు. గంటకొకటి కాల్చేవాళ్ళు కూడా రెండు రోజులు కొండ మీద ఉండి, దర్శనం చేసుకుని, హాయిగా దిగి వస్తారు. మన చుట్టూ ఉన్న ముస్లిం సోదరులను చూడండి. రంజాన్ నెలంతా తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం వరకు పచ్చి మంచినీళ్ళయినా ముట్టరు. వాళ్ళలో పొగ తాగే అలవాటు ఉన్నవాళ్ళు పగలంతా అదీ ముట్టరు. ఎండలో పనిచేస్తూ కూడా ముట్టరు. అంటే మనిషికి మానే శక్తి ఉంది. ఏ మతం వాడికైనా ఉంది. తనకన్నా పెద్దదైన ఒకదాని కోసం మానాల్సి వచ్చినప్పుడు ఆ శక్తి పైకి వస్తోంది. తన కోసం మానమంటే రావడం లేదు. ఆలోచించాల్సిన విషయం ఇదే.

నియమం అయిపోయిందా?

42వ రోజున వెలిగించినవాళ్ళను అడిగితే మొదట వచ్చే జవాబు, "దీక్ష అయిపోయింది కదండీ, ఇప్పుడు నియమం లేదు" అని. ఈ మాటలో తర్కం ఉంది. చన్నీళ్ళ స్నానం, నేల పడక, ఏకభుక్తం, నల్లబట్టలు, ఇవన్నీ దీక్షతో పాటే ముగుస్తాయి. వాటిని జీవితాంతం పాటించమని ఎవరూ అనరు. సిగరెట్టు మానడం కూడా ఆ జాబితాలో ఒకటైతే, అదీ ముగియాలి కదా!

కానీ ఆ నియమాలన్నీ ఒక రకానివి కావు. నేల మీద పడుకోవడం మంచం తప్పు అయినందువల్ల కాదు. సుఖం మీది మోజు తగ్గడానికి కొన్నాళ్ళు చేసే అభ్యాసం అది. మంచం ఎవరికీ హాని చెయ్యదు. కోపాన్ని అణుచుకోవడం, అబద్ధం ఆడకపోవడం, మత్తుకు దూరంగా ఉండడం వేరే రకం. ఇవి దీక్షలో మొదలై జీవితంలో మిగిలిపోవలసినవి. మాల తీశాక "ఇక అబద్ధాలు ఆడుకోవచ్చు" అని ఎవరమూ అనుకోం. మొక్క నాటి చుట్టూ కంచె వేస్తాం. మొక్క చెట్టయ్యాక కంచె తీసేస్తాం. కంచెతో పాటు చెట్టును కూడా పీకెయ్యం కదా! దీక్షా నియమాలు కంచె. లోపల పెరగవలసింది నిగ్రహం.

మేము ఇలా అంటే కొందరు పెద్దలకు అభ్యంతరం కలగవచ్చు. "దీక్ష భగవంతుడి కోసం చేసేది, దాన్ని సిగరెట్టు మాన్పించే మందులా మార్చకండి" అని వారు అనవచ్చు. ఆ మాటలోని గౌరవం మాకు అర్థమవుతుంది. సిగరెట్టు మానడం కోసమే మాల వేసుకోమని మేమూ చెప్పం. కానీ దేవుడికి మనం ఏమిచ్చినా ఆయన దాన్ని ప్రసాదంగా మళ్ళీ మన చేతిలోనే పెడతాడు. 41 రోజులు మన నిగ్రహాన్ని ఆయనకు నివేదన చేశాం. ఆ నిగ్రహమే ప్రసాదంగా తిరిగి వచ్చింది. ప్రసాదాన్ని కళ్ళకద్దుకోవాలి గానీ గుడి మెట్ల దగ్గరే వదిలేసి రాకూడదు.

"నా శరీరం, నా ఇష్టం"

ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు, ముఖ్యంగా కాలేజీ వయసు వాళ్ళు, ఇంకో మాట అంటారు. "నా శరీరం, నా డబ్బు, నా ఇష్టం. మధ్యలో మీకేమిటి?" పెద్దవాళ్ళకు ఈ మాట వినగానే కోపం వస్తుంది. కోప్పడితే చర్చ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఆ మాటను గౌరవంగానే తీసుకుందాం.

స్వేచ్ఛ అనేది మన ధర్మానికి కొత్తదేమీ కాదు. భగవద్గీతలో కృష్ణుడు పదిహేడు అధ్యాయాలు దాటి పద్ధెనిమిదో దానిలో కూడా ఎంతో బోధించి, చివరికి నిర్ణయాన్ని అర్జునుడికే వదిలాడు. పరమాత్మ అంతటివాడే బలవంతం చెయ్యలేదు. కాబట్టి మేమూ చెయ్యం. ఒక్కటే అడుగుతాం. సిగరెట్టు విషయంలో ఆ ఇష్టం నిజంగా ఎవరిది?

మొదటి సిగరెట్టు ఎవరికీ రుచించదు. దగ్గు వస్తుంది, కళ్ళ వెంట నీళ్ళు కారతాయి, కడుపులో తిప్పుతుంది. గీతలోనే పద్ధెనిమిదో అధ్యాయంలో సుఖాన్ని మూడు రకాలుగా చెప్పారు. వాటిలో రాజస సుఖం మొదట తీయగా ఉండి చివరికి విషమవుతుంది. సిగరెట్టుకు ఆ పాటి అర్హత కూడా లేదు. మొదటా చేదే, చివరా విషమే. మరి ఆ చేదును ఓర్చుకుని రెండోది, మూడోది ఎందుకు తాగుతారు? పక్కన నలుగురు తాగుతున్నారు కాబట్టి. వద్దంటే చిన్నపిల్లాడనుకుంటారని, గుంపులోంచి తోసేస్తారని భయం. అంటే మొదటి సిగరెట్టు మన ఇష్టం కాదు, నలుగురి ఇష్టం. ఇరవయ్యో సిగరెట్టు కూడా మన ఇష్టం కాదు, నికోటిన్ ఇష్టం. ఈ రెండింటి మధ్య "నా ఇష్టం" అన్నది ఎక్కడుందో వెతికి చూడండి.

ఇంకో సంగతి. రోజూ పొగ తాగే అమెరికా పెద్దల్లో పదిమందికి దాదాపు తొమ్మిది మంది పద్ధెనిమిదేళ్ళలోపే మొదటిసారి ప్రయత్నించినవాళ్ళని అక్కడి ప్రజారోగ్య సంస్థల లెక్క. పదహారేళ్ళ కుర్రాడు స్నేహితుల ముందు తలూపి పెట్టిన సంతకానికి, నలభై ఏళ్ళ మనిషి ఊపిరితో వడ్డీ కడుతున్నాడు. స్వేచ్ఛ అంటే ఒకసారి ఎంచుకోవడం కాదు, రేపు కూడా ఎంచుకోగలగడం. రేపటి స్వేచ్ఛను ఇవాళే అమ్ముకోవడాన్ని స్వేచ్ఛ అనగలమా?

శరీరం నాదే అన్నా, పొగ నా ఒక్కడిదే కాదు. ఆ పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలున్నాయి. వాటిలో సుమారు డెబ్బై క్యాన్సర్ కారకాలని శాస్త్రజ్ఞులు గుర్తించారు. గదిలో నలుగురుంటే ఆ పొగ నలుగురిదీ అవుతుంది. ఒకే గదిలో ఆరుగురు పడుకునే మన బ్యాచిలర్ గదుల్లో, ఏసీ కోసం కిటికీలన్నీ మూసిన ఫ్లాట్లలో, ఒకడి ఇష్టం మిగతావాళ్ళందరి శ్వాస అవుతుంది. 2009లో ఈ దేశం చేసిన పొగాకు నియంత్రణ చట్టం, దాని వెంట వచ్చిన నిబంధనలు పన్నెండేళ్ళలోపు పిల్లలున్న కారులో పొగ తాగడాన్ని నేరం చేశాయి. పద్ధెనిమిదేళ్ళలోపు వారికి పొగాకు అమ్మకూడదన్నాయి. చట్టం అక్కడిదాకా వచ్చింది. ధర్మం ఇంకాస్త ముందుకు వెళ్ళాలి.

కార్తీక మాసం కాబట్టి శివుణ్ణి తలచుకుందాం. "శివుడు కూడా తాగుతాడు కదా" అని నవ్వుతూ అనే కుర్రాళ్ళున్నారు. ఆ శివుడు హాలాహలాన్ని ఏం చేశాడో గుర్తు తెచ్చుకోవాలి. లోకానికి తగలకుండా దాన్ని తన కంఠంలో ఆపాడు, అందుకే నీలకంఠుడయ్యాడు. పొగ తాగేవాడు విషాన్ని తాను మింగి, మిగిలింది పక్కన ఉన్న బిడ్డ మీదికి వదులుతున్నాడు. ఎవరితో ఎవరికి పోలిక!

గిరీశం శిష్యులు

స్నేహితుల బలవంతం గురించి చెప్పాం. మరి ఇంట్లో పెద్దల మాటేమిటి? మన తెలుగువాళ్ళకు ఈ ప్రశ్నను గురజాడ అప్పారావు గారు నూరేళ్ళ కిందటే వేశారు. 1892లో మొదట ప్రదర్శించిన "కన్యాశుల్కం"లో గిరీశం పంతులు, వెంకటేశం శిష్యుడు. గురువు దగ్గర తనకు అబ్బింది చుట్ట కాల్చడమేనని శిష్యుడే వాపోతాడు. గిరీశం ఊరుకుంటాడా! గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒలికిన బొట్టు నుంచి పొగాకు మొలిచిందని ఒక పద్యాన్ని పురాణ ప్రమాణంలా వినిపిస్తాడు. గురజాడ వారు ఆ పాత్రను చూసి నవ్వుకోమని రాశారు. మనం ఆ పద్యాన్ని పెళ్ళి విందుల్లో, స్నేహితుల మధ్య సమర్థనగా వాడుకుంటున్నాం.

నిజానికి పొగాకుకు మన పురాణాల్లో చోటు లేదు. అది అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు వారి ఓడల్లో మన దేశానికి వచ్చింది. అక్బరు చివరి రోజుల్లో బిజాపూర్ నుంచి మొగలుల కొలువుకు చేరింది. 1617లోనే జహంగీరు దాన్ని తాగకూడదని ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. "శాస్త్రాల్లో సిగరెట్టు తాగవద్దని ఎక్కడుంది?" అని అడిగే పిల్లలకు ఇదే సమాధానం. ఆ శాస్త్రాల కాలానికి అది మన దేశంలోనే లేదు. పేరు పెట్టి నిషేధించనంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు. తనకూ పరులకూ హాని చెయ్యకూడదనే సూత్రం ఉంది. దాన్ని కొత్త వస్తువుకు అన్వయించుకోవడమే వివేకం.

మన తాతలు, కొన్నిచోట్ల మన అమ్మమ్మలు కూడా, చుట్ట కాల్చారు. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాల్లో ఆడవాళ్ళు చుట్టను తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేవారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఈ ఎమిరేట్‌లో ఆ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఇది తెలిసిన సంగతే. డెన్మార్క్ వైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశ వైద్యులు కలిసి ఆంధ్ర పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. అడ్డపొగకూ అంగిలి మీద వచ్చే మార్పులకూ, క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని అది ప్రపంచానికి చూపింది. ఆ తల్లులు చెడ్డవాళ్ళు కారు. రోజంతా రెక్కలు ముక్కలు చేసుకుని, ఒక్క చుట్టతో సేద తీరినవాళ్ళు. వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. మనకు చెప్పేవాళ్ళున్నారు. తేడా అదే. "మా తాత తొంభై ఏళ్ళు బతికాడు, రోజూ కాల్చేవాడు" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది. ఆ తాత బతికి ఉన్నాడు కాబట్టి అందరికీ కనిపించాడు. యాభై ఏళ్ళకే పోయిన తాతలు ఎవరికీ ఉదాహరణగా మిగలరు.

పొగాకు డబ్బుతో చదువుకున్నవాళ్ళం

మనలో ఒంగోలు, కందుకూరు, గుంటూరు వైపు వాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది. రాజమండ్రిలో పొగాకు పరిశోధన కేంద్రం 1947లోనే వెలిసింది. వర్షాలు లేని ఏళ్ళలో కూడా ఆ నేలల్లో చేతికొచ్చిన పంట పొగాకు. బ్యారన్ మండితేనే ఇంట్లో పొయ్యి మండిన ఊళ్ళున్నాయి. మనలో కొందరి ఇంజినీరింగ్ ఫీజులు, ఈ దేశానికి వచ్చిన వీసా ఖర్చులు ఆ ఆకులోంచే వచ్చాయి. అలాంటి మనం పొగాకు చెడ్డదని చెప్పడం కృతఘ్నత కాదా?

కాదని మా అభిప్రాయం. రైతుకు మన కృతజ్ఞత అతని కష్టం మీద, ఆకు మీద కాదు. పచ్చి పొగాకు కొట్టే కాలంలో తడి ఆకులు తగిలి వాంతులతో, తల తిరుగుడుతో మంచమెక్కిన కూలీలను ఆ ఊళ్ళవాళ్ళు చూసే ఉంటారు. చర్మం గుండా ఎక్కిన నికోటిన్ చేసే పని అది. ఆకు పండించిన తండ్రి ఎండలో నిలబడింది, కొడుకు ఆ ఆకు కాల్చాలని కాదు, ఆ పొలం నుంచి బయటపడాలని. అతని కష్టానికి మనం చెల్లించగల బాకీ, ఆరోగ్యంగా చాలాకాలం బతకడమే.

ఇక్కడి కొత్త వేషాలు

చుట్ట పోయి సిగరెట్టు వచ్చింది. ఇప్పుడు అదీ పాతబడి కొత్త వేషాలు వచ్చాయి. ఈ దేశంలో పెరుగుతున్న పిల్లల తల్లిదండ్రులు వాటి పేర్లయినా తెలుసుకోవాలి. సాయంత్రం కార్నిష్ వైపు కేఫుల్లో పళ్ళ వాసనతో వచ్చే పొగ షీషాది. నీళ్ళలోంచి వస్తుంది కాబట్టి హాని లేదనుకోవడం పొరపాటు. నీళ్ళు విషాన్ని వడకట్టవు. ఒక్క విడత షీషాలో పీల్చే పొగ పరిమాణం వంద సిగరెట్ల పొగకు సమానం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2005లోనే హెచ్చరించారు.

రెండోది మెద్వాఖ్ అనే చిన్న గొట్టంలో కాల్చే దోఖా. నికోటిన్ ఘాటు ఎక్కువ. ఒకటి రెండు పీల్పులకే తల గిర్రున తిరుగుతుంది. జేబులో ఇమిడిపోతుంది, క్షణంలో అయిపోతుంది కాబట్టి బడి పిల్లల చేతికి చేరడం తేలిక. అరబ్బీలో దోఖా అంటే తల తిరగడం. మన హైదరాబాదు మాటలో ధోకా అంటే మోసం. రెండు అర్థాలూ సరిపోయాయి!

మూడోది వేప్. పెన్నులా ఉంటుంది, వాసన మిఠాయిలా ఉంటుంది. "ఇందులో పొగాకు లేదు నాన్నా" అంటారు పిల్లలు. పొగాకు లేకపోయినా చాలావాటిలో నికోటిన్ ఉంది. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ళ దాకా సాగుతుంది. ఆ వయసులో నికోటిన్ తగిలితే బానిసత్వం త్వరగా పట్టుకుంటుంది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇందులో తేడా లేదు. సెలవులకు ఇంటికి వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇండియాలో 2019 నుంచి వీటి దిగుమతి, అమ్మకం చట్టరీత్యా నేరం.

"పూజలో అగరుబత్తి పొగ పొగ కాదా?" అని మన పిల్లలు గడుసుగా అడుగుతారు. సరైన ప్రశ్నే. మూసిన గదిలో ఏ పొగైనా ఊపిరితిత్తులకు మంచిది కాదు. అగరుబత్తి ఒక్కటి చాలు, కిటికీ తీసి వెలిగిద్దాం. పిల్లలు న్యాయంగా అడిగినప్పుడు మనం న్యాయంగా ఒప్పుకుంటే, మన మిగతా మాటలు కూడా వింటారు.

ఆలస్యమైపోలేదు

ఇప్పటికే అలవాటు పడినవాళ్ళు "ఇన్నేళ్ళు తాగాక ఇప్పుడు మాని ఏం లాభం?" అంటారు. దీనికి మంచి జవాబు బ్రిటన్ నుంచి వచ్చింది. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే శాస్త్రజ్ఞులు 1951లో తమ దేశపు డాక్టర్ల అలవాట్లనే గమనించడం మొదలుపెట్టారు. ఆ పరిశీలన యాభై ఏళ్ళు సాగింది. 2004లో వచ్చిన ఫలితం ఇది. జీవితాంతం సిగరెట్టు తాగినవాళ్ళు తాగనివాళ్ళకన్నా సగటున పదేళ్ళు ముందు చనిపోయారు. ముప్ఫై ఏళ్ళకు మానినవాళ్ళకు ఆ పదేళ్ళూ దాదాపుగా తిరిగి వచ్చాయి. నలభైకి మానితే తొమ్మిదేళ్ళు, యాభైకి మానితే ఆరేళ్ళు, అరవైకి మానినా మూడేళ్ళు దక్కాయి.

ఈ అంకెలు మళ్ళీ చదవండి. మనలో మాల వేసుకునే కుర్రాళ్ళలో చాలామంది ముప్ఫైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు. ఈ ఏడాది 42వ రోజున వెలిగించకపోతే పోగొట్టుకున్నదంతా ఇంచుమించు తిరిగి వస్తుంది. డబ్బు సంగతి వేరే చెప్పాలా? ఇక్కడ 2017 అక్టోబరు నుంచి పొగాకు మీద నూరు శాతం ఎక్సైజ్ పన్ను ఉంది. పెట్టె ఇరవై దిర్హాములనుకుని రోజుకొకటి లెక్కేస్తే ఏడాదికి 7,300 దిర్హాములు. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులను ఒకసారి తీసుకొచ్చి జెబల్ అలీ గుడి, అబుధాబి మందిరం చూపించడానికి సరిపోయే డబ్బు అది.

42వ రోజుకు సిద్ధం కావడం

మొదటి ప్రశ్నకు మళ్ళీ వద్దాం. 42వ రోజున శరీరం అంతగా అడగకపోతే అడిగేదెవరు? అలవాటైన చోటు, అలవాటైన వేళ, అలవాటైన మనుషులు. దీక్షలో ఉన్నప్పుడు ఆ కుర్రాడి చుట్టూ స్వాములున్నారు. పొద్దున శరణుఘోష, సాయంత్రం భజన, మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో భిక్ష. "స్వామీ" అని పిలిచేవాళ్ళు ఇరవైమంది. మాల తీసిన మర్నాడు ఆ పిలుపు ఉండదు. భజన ఉండదు. పన్నెండు గంటల డ్యూటీ, ఖాళీ గది, ఫోనులో ఇంటి గొడవలు. కింద గ్రోసరీ పక్కన నిలబడి "రారా" అని పిలిచే పాత స్నేహితుడొక్కడే మిగులుతాడు. సిగరెట్టు కోసం వెళ్ళడు వాడు, ఆ పిలుపు కోసం వెళ్తాడు. మొదటి సిగరెట్టు లాగే ఇదీ తోడు కోసమే.

కాబట్టి 42వ రోజు బరువంతా ఆ కుర్రాడి మీదే వేయడం న్యాయం కాదు. 41 రోజులు అతన్ని నిలబెట్టింది అతని భక్తి, దాని చుట్టూ అల్లుకున్న మన అందరి తోడు. తోడును మనం ఒక్కరోజులో లాగేసుకుని, నిగ్రహాన్ని మాత్రం అతనిలో వెతుకుతున్నాం. భిక్ష పెట్టిన ఇళ్ళవాళ్ళు మాల తీశాక కూడా శుక్రవారమో ఆదివారమో ఒక పూట ఆ కుర్రాళ్ళను భోజనానికి పిలవాలని మా విన్నపం. గురుస్వాములు విరమణ రోజున మాల తీస్తూ, సిగరెట్టు మానిన స్వామిని మరో మండలం దాన్ని కొనసాగించమని అడగాలి. జీవితాంతం అంటే భయపడతాడు, ఇంకో 41 రోజులంటే ఒప్పుకుంటాడు. విరమణ తర్వాత రెండు మూడు నెలలు రోజూ ఒక ఫోను, "స్వామీ ఎలా ఉన్నారు?" అని. ఇంతకన్నా పెద్ద సేవ అక్కరలేదు.

మానలేకపోతున్నవాళ్ళు సిగ్గుపడకండి. ఇది చెడు నడత కాదు, వ్యసనం, దానికి వైద్యం ఉంది. నికోటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్‌లు, డాక్టరు రాసే మాత్రలు ఉన్నాయి. ఈ దేశపు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పొగ మాన్పించే క్లినిక్‌లు నడుస్తున్నాయి. దేవుణ్ణి నమ్మేవాడు డాక్టరు దగ్గరికి వెళ్ళకూడదని ఎవరూ చెప్పలేదు. ఒకసారి జారితే, జారిన రోజు నుంచే మళ్ళీ లెక్కపెట్టండి. చాలామంది ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించే మానారు. ఇంట్లోవాళ్ళు దెప్పకండి. "మళ్ళీ మొదలుపెట్టావా?" అనే ప్రశ్న కన్నా "మళ్ళీ ఎప్పుడు మానదాం?" అనే ప్రశ్న మేలు.

ఇంకా మొదలుపెట్టని పిల్లలకు ఒక్క మాట. మానడానికి మీ అన్నలు, బాబాయిలు ఎంత అవస్థ పడుతున్నారో చూస్తున్నారు కదా. మీరు ఆ అవస్థ పడనక్కరలేదు. ఒక్కసారి, మొదటిసారి, "వద్దు" అంటే చాలు. ఆ ఒక్క మాట అన్నందుకు దూరమయ్యే స్నేహితుడుంటే పోనివ్వండి. మీ కోసం మన సంఘంలో ఇంత పెద్ద కుటుంబం ఉంది.

మాల మెడలో ఉన్నప్పుడు ఎదుటివాళ్ళు మనలో స్వామిని చూసి నమస్కరిస్తారు. మాల తీసినంత మాత్రాన లోపలి స్వామి వెళ్ళిపోడు. ఆయన ముందు సిగరెట్టు వెలిగించగలమా అన్నదే 42వ రోజు ప్రశ్న. ఈ ఏడాది దీక్ష తీసుకుంటున్న స్వాములందరికీ, వారి ఇళ్ళలో ఎదురుచూస్తున్న తల్లులకూ, ఇల్లాళ్ళకూ, పిల్లలకూ ఆ హరిహరసుతుని అనుగ్రహం నిండుగా ఉండాలని ప్రార్థిస్తున్నాం.

స్వామియే శరణం అయ్యప్ప.